మంచం దిగేదెప్పుడు?



ఇవాళ ఒక మంచం కథ చెబుతాను. 1974లో మా మేనత్త గుండె ఆపరేషను చేయించుకుని వచ్చింది. అమలాపురం దగ్గర మా పల్లెటూరి నుంచి బస్సులో రాజమండ్రి, అక్కణ్ణుంచి మద్రాసు మెయిలు, మద్రాసులో రైలు మారి కాట్పాడి. అలా వెళ్ళారు రాయవేలూరు. ఆ రోజుల్లో మా కోనసీమలో గుండెజబ్బు అనగానే అందరి నోటా వచ్చే మాట రాయవేలూరే. మూసుకుపోయిన వాల్వును డాక్టరుగారు వేలు పెట్టి వెడల్పు చేశారని మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. అక్కడ నాలుగోనాటికే నర్సమ్మలు అత్తను పట్టుకుని వరండాలో నడిపించారట. ఇంటికొచ్చాక మా నాయనమ్మ ఒప్పుకుంటేనా! "లేవకే తల్లీ, కుట్లు ఊడిపోతాయే" అని మూడు నెలలు నులకమంచం దిగనివ్వలేదు. అన్నం మంచం మీదే, తల దువ్వడం మంచం మీదే. ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని జాగ్రత్తగా మడిచి ట్రంకుపెట్టెలో దాచారు. రెండో నెలలో అత్త ఎడమకాలు వాచింది. దిష్టి అన్నారు, వాతం అన్నారు. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ కాలు ఆవిడ పోయేదాకా అలా బరువుగానే ఉండిపోయింది.

తమాషా ఏమిటంటే, మూడు నెలలూ కాలు కింద పెట్టనివ్వని ఆ మనిషే అత్తవారింటికి వెళ్ళిన వారానికి నీళ్ళబిందె చంకనెత్తుకుంది.

కిందటేడాది మా పెద్దవదినగారికి, 76 ఏళ్ళ మనిషికి, హైదరాబాదులో వాల్వు మార్చారు. ఛాతీ కొయ్యలేదు. తొడ మొదట్లో సన్నని గొట్టం దూర్చి, దాని వెంట కొత్త వాల్వు పంపించారు. మంగళవారం వాల్వు పెడితే శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో ఉంది. చూడవచ్చినవాళ్ళంతా ఒకటే మాట, "అదేమిటమ్మా, అప్పుడే తరిమేశారా? మంచాలు ఖాళీ చేయించుకోడానికి కాబోలు!" వాళ్ళ అనుమానం తప్పని నేననను. మంచం అద్దె తెలిసినవాళ్ళు మరోలా ఆలోచించలేరు కదా. కానీ మూడు నెలల మంచం మూడు రోజులకెలా తగ్గిందో తెలుసుకుంటే ఆ అనుమానం కొంత తీరుతుంది.

ముందు వాల్వు సంగతి. మన డెల్టాలో పుట్టినవాళ్ళకు దాన్ని చెప్పడం సులువు. కాటన్ దొర ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించాక వాటిమీద లాకులు వచ్చాయి. లాకు తలుపు తెరుచుకుంటే నీరు దిగువకు పోతుంది, మూసుకుంటే నిలుస్తుంది. గుండెలోనూ అలాంటి తలుపులు నాలుగున్నాయి. రక్తాన్ని ముందుకు పోనిస్తాయి, వెనక్కు రానివ్వవు. తలుపు బిగుసుకుపోయి సగమే తెరుచుకుందనుకోండి, ఎగువన నీరు పోటెత్తుతుంది. ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వుకు ఆ గతి పడితే ఎగువన ఉన్నవి ఊపిరితిత్తులు. అందుకే ఆ రోగికి ఆయాసం, పడుకుంటే దగ్గు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడక, కీళ్ళవాతపు జ్వరంగా ముదిరి, చివరికి గుండె తలుపుల్ని బిగించేస్తుంది. ఇరుకిళ్ళల్లో పిల్లలకు ఎక్కువ. మైట్రల్ వాల్వు ఇలా బిగుసుకుపోవడం మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే మొదటిసారి బయటపడుతుంది. గర్భిణికి రక్తం పెరుగుతుంది కదా, ఇరుకు తలుపు దాన్ని పంపలేదు.

అందుకేనేమో, గుండె ఆపరేషన్ల చరిత్ర తిరగేస్తే మొదటి పేజీల్లో ఆడపిల్లలే కనిపిస్తారు. 1923లో బోస్టన్‌లో కట్లర్ అనే సర్జను మొదటిసారి మైట్రల్ వాల్వును కత్తితో కోసి తెరిచాడు. ఆ రోగి పట్టుమని పన్నెండేళ్ళ పిల్ల. నాలుగేళ్ళకు పైగా బతికింది. ఆ తరవాత చేసినవాళ్ళు వరసగా చనిపోతే ఆయన మానేశాడు. 1925లో లండన్‌లో సూటర్ అనే ఆయన మరో చిన్నదాని గుండెలోకి వేలు పోనిచ్చి వాల్వును తడిమి చూసి వెడల్పు చేశాడు. ఆ పిల్ల కోలుకుంది. అయినా ఆ తరవాత ఆయన దగ్గరికి అలాంటి రోగిని ఒక్కరినీ పంపలేదు తోటి డాక్టర్లు! గుండెను ముట్టుకోకూడదన్న భయం అంతటిది.

ఇరవై మూడేళ్ళు గడిచాయి. 1948 జూన్ 10న ఫిలడెల్ఫియాలో బెయిలీ అనే సర్జను ఒక గృహిణికి ఆపరేషను చేశాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి. అంతకుముందు ఆయన చేతిలో నలుగురు పోయారు, ఆ నాలుగోవారు ఆ రోజు పొద్దుటే. తనకింక ఆపరేషను గదిలో చోటివ్వరేమోనని మధ్యాహ్నమే మరో ఆసుపత్రికి పరుగెత్తాడాయన. ఆ గృహిణి బతికింది. వారం తిరిగేసరికి బెయిలీ ఆవిణ్ణి రైలెక్కించి వెయ్యి మైళ్ళ దూరాన షికాగోలో జరుగుతున్న డాక్టర్ల సభకు తీసుకువెళ్ళి చూపించాడు! ఇంత సాహసం అవసరమా అని నాకనిపిస్తుంది. కానీ గుండెను కోసిన మనిషి వారానికి రైల్లో కూర్చోగలదని లోకానికి తెలిసింది అలాగే. ఆవిడ ఆ తరవాత ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది.

అన్నట్టు, అదే 1948లో మన భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ మందు బయటికొచ్చింది. అదే ఏడు ఆగస్టులో ఆయన న్యూయార్కులో గుండె ఆగి పోయారు. పెన్సిలిన్ మొదలు ఇలాంటి మందులు లేకుంటే కోసిన గుండె చీము పట్టకుండా ఉండేది కాదు.

మరి మంచం సంగతి? గుండె జబ్బు వచ్చినవాణ్ణి ఆరు వారాలు కదలకుండా పడుకోబెట్టాలన్నది ఆనాటి వైద్యశాస్త్రం. స్వయంగా చెంచా పట్టుకుని తినకూడదు, పక్కకు ఒత్తిగిలాలన్నా మనిషి సాయం. గుండెకు విశ్రాంతి ఇవ్వాలంటే ఒంటికంతా విశ్రాంతి ఇవ్వాలన్న ఊహ. మా నాయనమ్మ ఊహా అదే, కాబట్టి ఆవిణ్ణి ఒక్కదాన్నే అనడానికి లేదు. ఆ మంచాలమీదనే కాళ్ళల్లో గడ్డలు కట్టేవి, అవి కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడేవి, నిమ్ము చేసేది, పుళ్ళు పడేవి. చనిపోతే గుండెజబ్బుతో పోయాడనేవారు. మంచంతో పోయాడని ఎవరంటారు?

దీన్ని ఎదిరించినవారిలో శామ్యూల్ లెవిన్ ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోండి. 1923లో ఆ పన్నెండేళ్ళ పిల్ల ఆపరేషనులో కట్లర్‌తో పాటు ఉన్న వైద్యుడు ఈయనే. దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత, 1952లో, బెర్నార్డ్ లౌన్ అనే కుర్ర డాక్టరుతో కలిసి, గుండెపోటు వచ్చినవాళ్ళను మొదటి రోజుల్లోనే పడకకుర్చీలో కూర్చోబెట్టామని, కీడేమీ జరగలేదని ప్రకటించాడు. ఎనభై ఒక్కమందిని అలా కూర్చోబెట్టారు. కుర్చీ! ఇంతకంటే చవకైన మందు ఏ షాపులోనైనా దొరుకుతుందా? తోటి డాక్టర్లు మాత్రం ఇది రోగులమీద దౌర్జన్యమన్నట్టు చూశారు.

ఆపరేషను చేయించుకున్న ఆడవాళ్ళ విషయంలో ఈ మాట ఇంకా ముందే వచ్చింది. 1899లో షికాగోలో ఎమిల్ రీస్ అనే స్త్రీవైద్య నిపుణుడు ఆపరేషను అయిన ఒకటి రెండు రోజులకే రోగుల్ని లేపి నడిపిస్తున్నానని రాశాడు. ఎవరూ చెవిని పెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు చాలకపోయేసరికి, గత్యంతరం లేక లేపి నడిపిస్తే, లేచినవాళ్ళే బాగా కోలుకున్నారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు మంచం పట్టడంలో ఉన్న ప్రమాదాల గురించి ఒక వ్యాసం రాశాడు. ఇప్పటికీ వైద్య విద్యార్థులు దాన్ని చదువుతారు.

అసలు రుజువు 1966లో దొరికింది. అమెరికాలో డల్లాస్ నగరంలో అయిదుగురు ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళను, ఏ జబ్బూ లేనివాళ్ళను, మూడు వారాలు మంచంమీద ఉంచారు. కష్టమైన పనిలో వాళ్ళ ఒళ్ళు వాడుకోగల ప్రాణవాయువు నాలుగోవంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తరవాత అదే అయిదుగుర్ని మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు చేసిన నష్టంకన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది! ఇది చదివిననాడు నాకు మా అత్త కాలే కళ్ళముందు మెదిలింది.

ఇక మనవైపు. రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను పెట్టినది ఐడా స్కడర్ అనే ఆవిడ. పడుచువయసులో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి తమ భార్యల పురుడుకు రమ్మని బతిమాలారట. మగ డాక్టరు వద్దన్నారు, ఈవిడకు వైద్యం రాదు, తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. అప్పుడు వైద్యం చదవాలనుకున్నదావిడ. 1918లో ఆడవాళ్ళకోసమే అక్కడ వైద్యపాఠశాల తెరిచింది. 1940ల చివర రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జను వచ్చి అక్కడ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పాడు. గుండెను ఆపి, రక్తాన్ని యంత్రంతో నడిపిస్తూ చేసే ఓపెన్ హార్ట్ ఆపరేషను మన దేశంలో మొదట విజయవంతంగా జరిగినది 1961లో తమ దగ్గరేనని ఆ సంస్థ చెప్పుకుంటుంది. చేసినవారు డాక్టర్ ఎన్. గోపీనాథ్. అప్పటికి సంవత్సరం ముందే, 1960లో, అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ బోనులో బంతి ఆడే తీరున ఉన్న కృత్రిమ వాల్వును మనిషి గుండెలో అమర్చాడు. దాన్ని తయారుచేసిన ఎడ్వర్డ్స్ ఇంజనీరు, డాక్టరు కాడు.

విదేశీ వాల్వు ఖరీదు మనవాళ్ళకు అందేది కాదు. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్‌గారి బృందం ఏళ్ళ తరబడి కష్టపడి, మూడు నమూనాలు పనికిరాక పారేసి, నాలుగోదాన్ని 1990 డిసెంబరులో రోగికి అమర్చింది. దాన్ని తయారుచేసి అమ్మే టి.టి.కె. వారి కుటుంబంలోదే మన ప్రెస్టీజ్ కుక్కరు కూడా. వంటింట్లో ఈల వేసే వాల్వు, గుండెలో టిక్కుటిక్కుమనే వాల్వు ఒకే ఇంటివన్నమాట! 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డువాళ్ళకు కూడా వాల్వు మార్పిడి అందుబాటులోకి వచ్చింది.

ఇవన్నీ రొమ్ముటెముకను నిలువునా కోసి చేసేవి. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరునుంచి పన్నెండు వారాలు పడుతుంది. కోత చిన్నదైతే మంచమూ చిన్నదవుతుంది కదా అన్న ఆలోచన రెండు దారుల్లో నడిచింది. సర్జన్లు 1990లలో పక్కటెముకల మధ్య చిన్న గాటుతో వాల్వు మార్చడం నేర్చుకున్నారు. రెండోది గొట్టం దారి. 1982లో జపానులో ఇనోవే అనే సర్జను తొడ నరంగుండా బెలూను పంపి బిగుసుకున్న మైట్రల్ వాల్వును విప్పాడు. ఈ బెలూను మన దేశానికి వరమైంది. మా అత్త ఓ ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా జబ్బుపడి ఉంటే ఛాతీ కోయకుండానే రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరేది.

మా వదినగారి వాల్వు కథ ఒక కసాయి దుకాణంతో మొదలైంది. డెన్మార్కులో ఆండర్సన్ అనే యువ డాక్టరు, నరాల్లో తీగ గొట్టాలు పెట్టవచ్చని 1989లో ఒక సభలో విని, అందులో వాల్వే పెడితేనో అనుకున్నాడు. ఇనుప సామాను కొట్లో తీగ, కసాయి దగ్గర పంది గుండె కొన్నాడు. ఇంట్లో కూర్చుని తీగను మెలితిప్పి, అందులో వాల్వు కుట్టి, ఆ ఏడు మే 1న బతికున్న పందికి పెట్టాడు. పనిచేసింది. రాసి పంపితే పత్రికలవాళ్ళు తిప్పికొట్టారు. మనిషికి మొదట పెట్టినది ఫ్రాన్సులో రూవాన్ నగరపు అలాన్ క్రిబియే, 2002 ఏప్రిల్ 16న. ఏ సర్జనూ ముట్టుకోనన్న 57 ఏళ్ళ మనిషికి. వాల్వు చక్కగా పనిచేసింది గాని, వేరే కారణాలతో ఆ రోగి నాలుగు నెలలకు పోయాడు. ఆ తరవాత లక్షలమందికి పెట్టారు. 2018లో గుజరాతులో తయారైన వాల్వుకూ మన దేశంలో అనుమతి వచ్చింది. ఖర్చు మాత్రం లక్షల్లోనే ఉంది.

అయితే కోత చిన్నదైనంత మాత్రాన మంచం దానంతటది చిన్నదవలేదు. మొదట్లో గొట్టంతో వాల్వు పెట్టినవాళ్ళను కూడా పూర్తి మత్తిచ్చి, ఐ.సి.యు.లో పెట్టి, వారం పైన ఉంచేవారు. అలవాటు అలాంటిది. డెన్మార్కులోనే కెలెట్ అనే సర్జను 1990లలో పేగుల ఆపరేషన్లలో ఒక్కొక్క అలవాటునూ పట్టుకుని ఇదెందుకని అడిగాడు. రాత్రంతా ఎందుకు పస్తు? ఈ గొట్టం ఎందుకు? తినడానికి రెండు రోజులెందుకు ఆగాలి? సమాధానం లేనిదాన్ని తీసేశాడు. ఆ పద్ధతే గుండె ఆపరేషన్లకూ వచ్చి, 2019లో డాక్టర్ల సంఘాలు నియమావళి రాసుకున్నాయి. కెనడాలో వాంకూవరు డాక్టర్లు గొట్టం వాల్వుకు ఇదే వరస పెట్టారు. ముందే రోగిని ఎంచుకోవడం, పూర్తి మత్తు లేకుండా తొడ దగ్గర మొద్దుబార్చడం, కొన్ని గంటలకే లేపి నడిపించడం, గుండె లయ సరిగా ఉందా అని చూడటం, ఇంట్లో ఎవరుంటారో ముందే అడగటం. 13 ఆసుపత్రుల్లో 411 మందికి అలా చేస్తే నూటికి 80 మంది మర్నాడే ఇంటికి వెళ్ళారని 2019లో ప్రకటించారు. అందరినీ అలా పంపరు. వాల్వు పెట్టాక లయ తప్పి పేస్‌మేకరు అవసరమయ్యేవాళ్ళుంటారు, వాళ్ళను ఆపుతారు.

ఆ వరసలో చివరి మాట చూశారా? ఇంట్లో ఎవరుంటారు? ఆసుపత్రిలో తగ్గిన రోజులు ఎక్కడికీ పోలేదమ్మా, మన ఇంటికొచ్చాయి. నర్సమ్మ చేసే పని ఇప్పుడు కోడలో, భార్యో చేస్తోంది. అయితే ఆ నర్సమ్మకు నేర్పింది మనకెవరు నేర్పారు? మా వదినగారి విషయంలో శుక్రవారం మధ్యాహ్నం ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నారు. మళ్ళీ ఇంగ్లీషే. యాభై ఏళ్ళయినా ఆ కాగితానికి తెలుగు రాలేదు. పాత బి.పి. మాత్ర ఇంట్లో ఉంది, కొత్త చీటీలో అదే మందు మరో పేరుతో ఉంది. రెండూ మింగించాం. మూడోనాడు ఆవిడ స్నానాలగదిలో కళ్ళు తిరిగి కూలబడింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. మందుల షాపు కుర్రాడు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పాడు, "అమ్మగారూ, ఈ రెండూ ఒకటేనండి."

కనుక మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, డిశ్చార్జి రోజుదాకా ఆగకుండా చేర్చిన రోజే అడగండి. పాత మందుల్లో ఏది ఆపాలి, ఏది ఉంచాలి? తొడదగ్గర వాపో, రక్తమో కనిపిస్తే ఎవరికి ఫోను చేయాలి? రోజూ ఎంత నడవాలి? పొద్దున్నే బరువు చూసి రాసుకోమంటారు. రెండు రోజుల్లో బరువు గబగబా పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. మనవైపు ఆవకాయలూ, ఉప్పుచేపలూ ఆ నీటికి స్నేహితులు. ఛాతీ కోసినవాళ్ళయితే నడవాలి గాని బిందెలూ, గ్యాసుబండలూ, చంటిపిల్లలూ ఎత్తకూడదు. ఇది మగవాళ్ళకు చెబితే వింటారు. ఆడవాళ్ళకు చెబితే "మరి ఎవరెత్తుతారు?" అంటారు. ఆ ప్రశ్నకు ఇంట్లో మగవాళ్ళ ఎదుటే జవాబు రాబట్టడం మంచిది.

లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్ళకు ఇంకో సంగతి. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. అమెరికాలో 1920లలో పాడైన తీపి గడ్డి తిని పశువులు రక్తం ఆగక చచ్చిపోతుంటే, ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్‌లో లింక్ అనే రసాయనవేత్త వేరుచేశాడు. దాన్నుంచే 1948లో ఎలుకల మందు వచ్చింది, 1954 నాటికి అదే మనుషులకు మందైంది. దానికి విరుగుడు ఆకుకూరల్లో ఉంది. అంచేత తోటకూర, పాలకూర పూర్తిగా మానేయమని కొందరు భయపెడతారు. మానక్కర్లేదు. వారం వారం ఒకే పాళంలో తింటూ, రక్తపరీక్ష చేయిస్తూ ఉంటే మాత్ర మోతాదు దానికి సరిపెడతారు. నెలంతా ఆకు ముట్టకుండా ఉండి, ఒకరోజు బుట్టెడు తింటేనే తంటా. ఈ మాత్ర వేసుకునే పడుచుపిల్లలు బిడ్డ కావాలనుకుంటే నెల తప్పకముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మందు గర్భంలోని బిడ్డకు మొదటి నెలల్లో హాని చేస్తుంది.

మా వదినగారు ఇప్పుడు పొద్దున్నే ఇంటిముందు అటూ ఇటూ పది చుట్లు తిరుగుతారు. బరువు గోడమీద క్యాలెండరులో పెన్సిలుతో రాస్తారు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని మనవరాలిచేత పెద్దక్షరాల్లో తెలుగులో రాయించి, ఫ్రిజ్ తలుపుకు అంటించాం.